మావాళ్ల ఓటు అమ్ముడుపోయిందా?

కాలేజీలో ఎన్నికల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు అంటారు: "మీ పల్లెల్లో నోటిస్తే ఓటు పడిపోతుంది కదా!" మేము తల వంచుకుంటాం. పోలింగుకు ముందు రాత్రి మా వాడలకు డబ్బు వచ్చిన మాట నిజం. మా ఇళ్లలో తీసుకున్న మాటా నిజం. అంతమాత్రాన ఓటు అమ్ముకున్నట్టేనా? దీనికి జవాబు ఊహించి చెప్పకూడదు, అడిగి తెలుసుకోవాలి. ఆ పని చేసేదే సామాజిక శాస్త్రం.

'ఓటు బ్యాంకు' అన్న మాటనే చూడండి. మైసూరు దగ్గర ఒక పల్లెను అధ్యయనం చేసిన ఎం.ఎన్. శ్రీనివాస్ 1955లో అచ్చయిన వ్యాసంలో ఈ మాట వాడారు. ఇప్పుడది పేదల మీద నిందగా మారింది. ఆయన చూసింది వేరు. ఊరి పెద్ద తన మీద ఆధారపడ్డవాళ్ల ఓట్లను గంపగుత్తగా వేయించడం ఆయన గమనించారు. లోపం ఓటరు బుద్ధిలో లేదు, ఆధారపడక తప్పని బతుకులో ఉంది.

ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ సంస్థ 1960ల నుంచి ఓటర్లను సర్వే చేస్తోంది. ఓటర్ల జాబితా నుంచి పేర్లు ఎంచుకుని, ఇంటికి వెళ్లి అడుగుతారు. ఎవరికి ఓటేశారో నమూనా బ్యాలెట్ మీద గుర్తు పెట్టి డబ్బాలో వేయమంటారు. 1990ల సర్వేల్లో తేలిందేమిటంటే, మన దేశంలో పేదలు, దళితులు ఓటు వేయడంలో ఉన్నవాళ్లకు తీసిపోరు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. మరి ఓటు విలువ తెలియనిది ఎవరికి?

ముంబైలో సైమన్ షోషార్ చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. పంచిన డబ్బుకు ఓటు వస్తుందన్న నమ్మకం పంచేవాళ్లకే లేదని అందులో తేలింది. ఎదుటివాడు ఇస్తుంటే తాము వెనకబడతామన్న భయంతోనే ఇస్తారట. మా అమ్మలు చెప్పేదీ అదే: "ఎవరిచ్చినా తీసుకుంటాం, వేసేది మాకు నచ్చినోడికే."

అలాగని డబ్బు పంపకం మంచిదని మేము అనడం లేదు. అది ఓటును కొనలేకపోయినా, డబ్బు లేనివాణ్ణి పోటీలోకే రానివ్వదు. రేపు మనలో ఒకరు నిలబడాలంటే అడ్డం వచ్చేది అదే. రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం ఎన్నాళ్లని అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అడిగింది ఇందుకే.

శాస్త్రం మనల్నీ వదలదు. మన మెస్ కమిటీ ఎన్నికల్లో పనిమంతుణ్ణి చూశామా, మన మండలంవాణ్ణి చూశామా? నిజం చెప్పుకుందాం.

మిత్రులారా! ఈ దసరా సెలవుల్లో ఒక్కొక్కరం అయిదు ఇళ్లకు వెళ్దాం. ఎవరికి వేశారని అడగవద్దు, ఎందుకు వేస్తారని అడుగుదాం. విన్నది విన్నట్టు రాసుకొద్దాం. ఈసారి కాలేజీలో ఆ మాట వస్తే, తల వంచుకోకుండా ఆ కాగితాలు చూపిద్దాం.