మంచినీళ్లకూ బిల్లేనా?

బార్లో కూర్చున్నవాళ్లకు మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని మహిళా సంఘాలు అడగడమేమిటని కొందరు నవ్వవచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల బాటలో నడుస్తున్నామనుకునే మనకు, తాగేవాళ్ల సౌకర్యాలతో పనేమిటని ప్రశ్నించవచ్చు.

పని ఉంది. ఆ ఉద్యమం వల్లనే 1993 అక్టోబరు 1న సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. మళ్లీ నిషేధం కావాలని అడుగుతూనే, ఉన్న బార్లను షరతులతో కట్టడి చేయమని కూడా అడగాలి. మంఖాల్ పారిశ్రామికవాడలో రోజుకూలీ చేసే మనిషి సీసా నీళ్లకు పోసే డబ్బు ఇంటికి రావలసిన కూలే. నీళ్లు కొనడం దండగని మందులో నీళ్లు తగ్గించుకుంటే, ఆ దెబ్బ చివరికి పడేది ఇంట్లో ఆడదాని మీదే.

చట్టం సంగతి చూద్దాం. హోటళ్లు, రెస్టారెంట్లు సీసా నీళ్లను ముద్రించిన ధర కంటే ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది సీసా ధర గురించిన తీర్పు. గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వనక్కరలేదని దానికి అర్థం కాదు. 2023లో తెలంగాణ పురపాలక శాఖ, జి.హెచ్.ఎం.సి. పరిధిలోని హోటళ్లు, రెస్టారెంట్లు శుద్ధి చేసిన నీటిని ఉచితంగా ఇవ్వాలని ఆదేశించింది. మంఖాల్ అప్పుడు ఆ పరిధిలో లేదు, తుక్కుగూడ మునిసిపాలిటీలో ఉంది. నగరం పొలిమేర దాటితే దాహం మారుతుందా? ఇక 'మాది బారు, హోటలు కాదు' అని యజమాని తప్పించుకోవడానికీ వీల్లేదు. బోర్డు మీద 'బార్ అండ్ రెస్టారెంట్' అని రాయించుకున్నది వాళ్లే కదా!

ఇదేమీ వింత కోరిక కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అడిగిన కస్టమరుకు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది 2010 నుంచీ మద్యం లైసెన్సు షరతు. మన శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ల చేరువలో నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టబోతే 2000లో సుప్రీంకోర్టు కూడదంది. మంచినీరు జీవించే హక్కులో భాగమని ఆ తీర్పులోనే చెప్పింది. చెరువు దగ్గర ఉన్న హక్కు బల్ల దగ్గర పోతుందా?

అయితే ఈ హక్కు తాగేవాళ్లతో ఆగిపోకూడదు. అదే బార్లో గ్లాసులు కడిగే ఆడమనిషికీ నీళ్లు కావాలి. ఆ దారిన పోయే స్త్రీ దాహమేసినా బార్లోకి అడుగుపెట్టలేదు.

అందుకే ప్రభుత్వాన్ని మూడు అడుగుదాం. శుద్ధమైన నీళ్లు ఉచితంగా ఇవ్వడం ప్రతి బారు లైసెన్సులోనూ షరతు కావాలి. పనివాళ్లకూ అవే నీళ్లు ఇవ్వాలి. బయట, రోడ్డు వైపు, అందరికీ అందేలా ఒక కుళాయి పెట్టించాలి. ఊరూరా మద్యం చేర్చగలిగిన ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు.