దోషమును వెదకు విధము

గద్వాల నేతగాని మగ్గముపై పడుగుపోగు తెగినచో అతడు మగ్గమును నిందింపడు. నేసిన వస్త్రమును కోసివేయడు. తెగిన పోగెక్కడ నున్నదో వెదకి, ముడివేసి, మరల నేతకు పూనుకొనును. కాని ఇంటిలో టీవీయో, కంప్యూటరో పనిచేయనిచో పెక్కురు దానిని చేతితో మోదుదురు. లేదా, చెడిపోయినదని తీర్మానించి క్రొత్తదానిని కొనబోవుదురు. ఇది వివేకము కాదు.

సులభమైన ప్రశ్నలే మొదట వేసికొనవలెను. ఇంటిలో కరెంటు ఉన్నదా? ప్లగ్గు సరిగా అమరినదా? ఆ సాకెట్టులో వేఱొక దీపము వెలుగుచున్నదా? ఒక్కొక్క మారు ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో దోషము దేనివలన తొలగినదో తెలియదు. కంప్యూటరు కదలక నిలిచిపోయినచో, ఆపి మరల ప్రారంభించుట మంచి ఉపాయము. ఏలయన, దాని తాత్కాలిక స్మృతిలో చిక్కుపడిన పనులు అందువలన తుడిచివేయబడును.

అయితే ధైర్యమునకు హద్దు కలదు. పాత టీవీ పెట్టెలలో కరెంటు ఆపిన పిదపను అపాయకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండవచ్చును. నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి జరిగిన అగ్నిప్రమాదములో తొమ్మండుగురు అసువులు బాసిరి. వారిలో ఇంజనీర్లును ఉండిరి. విద్యుత్తు తన్నెఱిగినవారికే అపాయకరమైనచో, ఎఱుగని బాలుర మాట చెప్పనేల?

కావున పైపై పరీక్ష ప్రతివారును నేర్వవలెను. మూత విప్పు పని నేర్చినవారికే విడువవలెను. ఆ నేర్పు కోరువారికి విద్యాలయములు కలవు. వనపర్తి సంస్థానపు రాజభవనమే నేడు పాలిటెక్నిక్ కళాశాలయై యున్నది. తొందరపాటు వస్తువును చెఱచును. ఓర్పు దోషమును పట్టియిచ్చును.