కంటికి కనిపించని సొమ్ము, వారసుల హక్కు

జుమా నమాజు తర్వాత మసీదు వసారాలో యువకులు తరచుగా అడుగుతున్న ప్రశ్న: బిట్‌కాయిన్ హలాలా, హరామా? ధర్మవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈజిప్టు ప్రధాన ముఫ్తీ షౌఖీ అల్లామ్ 2018 ఆరంభంలో దాని క్రయవిక్రయాలు తగవని ఫత్వా ఇచ్చారు. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్ షరీఅత్ సలహామండలి 2020లో, నమోదైన ఎక్స్ఛేంజీలలో వ్యాపారం షరతులతో సమ్మతమేనంది. ఆ చర్చ ఉలమాలకే వదిలేద్దాం.

చట్టం సంగతి చూడండి. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారానికి బ్యాంకు సేవలు అందకుండా ఆపింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను; ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. పన్ను కడుతున్నాం, ఇక భయమేమిటని కొందరి ధీమా. పన్ను రసీదు రక్షణ పత్రం ఎలా అవుతుంది? బ్యాంకు మునిగితే 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్‌కు బీమా ఉంది. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి దాదాపు 2000 కోట్ల రూపాయల ఆస్తులు దొంగల పాలైనప్పుడు ఖాతాదారులకు అలాంటి బీమా ఏదీ లేదు. తమ క్రిప్టోను ఏడాదికి పైగా తీసుకోలేకపోయారు.

గల్ఫ్‌లో ఉన్నవారికి ఇంకో చిక్కు. దుబాయ్ 2022లో లైసెన్సుల పద్ధతి పెట్టింది. కువైట్ 2023 జూలైలో చెల్లింపులకూ, పెట్టుబడికీ కూడా నిషేధించింది. దుబాయ్‌లో మిత్రుడు చేస్తున్నాడు కదా అని కువైట్‌లో మనవాడు చేస్తే చిక్కుల్లో పడతాడు.

నా అసలు బెంగ ఇవేవీ కావు. నరసాపురంలో లేసు అల్లి కూడబెట్టిన డబ్బుతో భర్తను గల్ఫ్ పంపిన ఇల్లాలు ఉంటుంది. అతను పరాయి గడ్డపై కన్నుమూస్తే, పిల్లలుంటే ఆమెకు ఎనిమిదో వంతు, కూతుళ్లకు వారి వాటా అల్లాహ్ నిర్ణయించినవే. 1937 షరీఅత్ చట్టం ప్రకారం మన కోర్టులూ ఈ వాటాలనే గుర్తిస్తాయి. కాని సొంత వాలెట్‌లో దాచిన సొమ్ముకు తాళంచెవి 12 లేక 24 మాటలు. అవి అతనితోపాటే పోతే ఏ జడ్జీ ఆ తాళం తెరిపించలేడు. ఆస్తి ఉన్నట్టే ఉంటుంది, ఆడపిల్లకు అందదు.

వీలునామా రాయదగిన సొత్తు ఉన్నవాడు అది రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. సొమ్ము ఎంత, ఏ ఎక్స్ఛేంజీలో, ఎవరి పేరున ఉందో కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకం పెట్టించండి. తాళపు మాటలు అందులో రాయకండి. వాటిని విడిగా, భద్రంగా దాచి, ఆ చోటు భార్యకు చెప్పండి. గల్ఫ్ విమానం ఎక్కే ముందే చెప్పండి.