పాఠం చెప్పే ముందు గురువుకు అభ్యాసం

మదర్సాల్లో ఫిఖ్‌హ్ చదువు 'కితాబుత్తహారత్'తో మొదలవుతుంది. వుజూ, గుస్ల్, హైజ్, నిఫాస్ వంటివన్నీ అందులో దాపరికం లేకుండా ఉన్నాయి. అయినా ఆ పుటలు వచ్చేసరికి అరబీ వాక్యాన్ని గబగబా చదివించి, ఉర్దూలో ఒక్క ముక్క చెప్పి ముందుకు సాగే ఉస్తాదులు లేకపోలేదు. నేనూ అలా చేసినవాణ్ణే. ఒకసారి పదమూడేళ్ల కుర్రవాడు పాఠమయ్యాక నా దగ్గరకు వచ్చాడు. రాత్రిపూట బట్టలు తడుస్తున్నాయని, తనకేదో జబ్బు చేసిందని బిక్కమొహంతో చెప్పాడు. అది జబ్బు కాదు. ఆ వారమే నేను దాటవేసిన పాఠం.

మన దేశంలో 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు పాఠశాలల్లో కౌమార విద్యను నిలిపివేశాయి. అందులోని బొమ్మలపైనా, విషయాలపైనా పెద్ద వివాదం చెలరేగింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ప్రతి పాఠశాల నుండి ఇద్దరు ఉపాధ్యాయులను, వీలైతే ఒక పురుషుణ్ణి, ఒక స్త్రీని ఎంచుకుని శిక్షణ ఇవ్వాలన్నది అందులోని ఏర్పాటు. పుస్తకంలో ఏముండాలని మనం ఎంతో వాదించుకున్నాం. దాన్ని పట్టుకుని పిల్లల ముందు నిలబడే మనిషి సిద్ధంగా ఉన్నాడా అని మాత్రం అంతగా అడగలేదు.

అమెరికాలోని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉపాధ్యాయుల కోసం 'టీచ్ లైవ్' అనే పద్ధతిని రూపొందించారు. ఉపాధ్యాయుడు ఒక తెర ముందు నిలబడి పాఠం చెబుతాడు. తెరపై కంప్యూటర్ సృష్టించిన విద్యార్థులు కూర్చుని ఉంటారు. వారు ప్రశ్నిస్తారు, నవ్వుతారు, ఒక్కోసారి మాట వినరు. తెర వెనుక నుండి ఒక మనిషి వారిచేత మాట్లాడిస్తుంటాడు. పాఠం తప్పితే ఆపి మళ్లీ చెప్పుకోవచ్చు. ఏ పసి మనసూ గాయపడదు.

లైంగిక ఆరోగ్య పాఠానికి ఇటువంటి అభ్యాసం మరీ అవసరం. ఈ పాఠం చెడేది ఎక్కువగా విషయం తెలియక కాదు, ఊహించని ప్రశ్నకు గురువు తడబడినందువల్ల. ఆయన ముఖం చిట్లించినా, కసురుకున్నా, ఇక ఈ సంగతి ఎవరినీ అడగకూడదని పిల్లవాడు నేర్చుకుంటాడు.

ఒక యువకుడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి వ్యభిచారానికి అనుమతి కోరిన సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. అక్కడున్నవారు అతణ్ణి గద్దించారు. ప్రవక్త (స) మాత్రం అతణ్ణి దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో, నీ కూతురు విషయంలో, నీ సోదరి విషయంలో దీన్ని ఇష్టపడతావా అని ఒక్కొక్కటిగా అడిగారు. చివరకు అతనిపై చేయి ఉంచి దుఆ చేశారు. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) స్త్రీల గుస్ల్ గురించి నేరుగా అడిగినప్పుడు కూడా ఆయన నేరుగానే జవాబిచ్చారు. హయా ఈమాన్‌లో భాగమే. ఆ హయా విద్యకు అడ్డుపడలేదు.

ఇది మసాయిల్‌తో ముగిసే విషయం కూడా కాదు. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరికీ రక్షణ కల్పిస్తోంది. కానీ తనపై జరిగిన దుర్మార్గాన్ని చెప్పడానికి మాటలే తెలియని బిడ్డ ఎవరికని ఫిర్యాదు చేస్తుంది?

తరగతిలో ఏం చెబుతారోనన్న తల్లిదండ్రుల భయాన్ని తోసిపుచ్చలేం. అందుకు మందు కూడా ఈ అభ్యాసంలోనే ఉంది. పాఠం పిల్లల దాకా వెళ్లకముందే తల్లిదండ్రులు, ఉలమాలు చూసి, తప్పుంటే దిద్దవచ్చు.

దీనికి ఖరీదైన తెర లేదని ఆగనక్కరలేదు. జుమా సెలవు రోజున ఇద్దరు ఉస్తాదులు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు పిల్లవాడై అడిగితే, మరొకరు కసరకుండా, నవ్వకుండా జవాబు చెప్పవచ్చు. ఆడపిల్లలకు బోధించే ఆపాలు తమలో తాము ఇలాగే చేయవచ్చు. తడబాటు ఆ గదిలోనే తీరిపోతే, తరగతిలో బిడ్డ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

మన పిల్లలు భయం లేకుండా అడిగేలా, మనం సిగ్గు విడవకుండానే స్పష్టంగా చెప్పగలిగేలా అల్లాహ్ అనుగ్రహించుగాక! ఆమీన్.