రెండు రోజుల ఊరు, మూడేళ్ళ ఊరు

బదిలీ ఉద్యోగుల పిల్లలం కాబట్టి మనందరికీ ఒక మాట బాగా అలవాటు: "ఎలాగూ వెళ్ళిపోతాం కదా!" కొత్త క్వార్టర్ ముందు మొక్క నాటమంటే ఆ మాటే. పక్కింటివాళ్ళ భాష నేర్చుకోమంటే ఆ మాటే. మేమిద్దరం అన్నాచెల్లెళ్ళం కూడా ఇన్నాళ్ళూ ఆ మాటే అంటూ వచ్చాం. కిందటి డిసెంబరులో మా అక్క చేసిన ఒక చిన్న ప్రయాణం గురించి విన్నాక, ఆ మాట తప్పని మాకు గట్టిగా అనిపించింది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. పెదనాన్నగారిదీ బదిలీ ఉద్యోగమే. పన్నెండో తరగతి లోపల అక్క ఐదు బడులు మారింది. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతూ, విద్యార్థుల మార్పిడి పథకం కింద ఒక సెమిస్టరు కోసం జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరానికి వెళ్ళింది. క్రిస్మస్ దగ్గర పడేసరికి అక్కడి పిల్లలందరూ పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు బయలుదేరారట. సంక్రాంతికి చుట్టాలందరూ ఊరు చేరిపోతే సెలవు దొరక్క మనం క్వార్టర్లో ఉండిపోతామే, సరిగ్గా అలా ఉందట తనకు. హాస్టల్లో మిగిలిన మరో ఇద్దరు విదేశీ విద్యార్థులతో కలిసి శనివారం పొద్దున్నే స్ట్రాస్‌బర్గ్‌కు బయలుదేరింది.

స్ట్రాస్‌బర్గ్ ఫ్రాన్స్‌లో ఉంది, కానీ జర్మనీ సరిహద్దుకు ఆనుకునే ఉంది. మధ్యలో రైన్ నది. అవతల జర్మనీ ఊరు కేల్. 2017 నుంచి ఆ రెండు ఊళ్ళ మధ్య ట్రామ్ నడుస్తోంది. అక్క రైల్లో కేల్ దాకా వెళ్ళి అక్కడ ట్రామ్ ఎక్కింది. వంతెన దాటితే దేశం మారిపోయింది. "మన ఊళ్ళో సిటీ బస్సు ఎక్కినట్టే ఉందిరా" అంది ఫోనులో.

ఆ ఊళ్ళో క్రిస్మస్ సంత 1570 నుంచి జరుగుతోంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అప్పుడు వీధులన్నీ దీపాలతో వెలుగుతాయి. క్లెబెర్ చౌకులో ఆకాశాన్నంటే క్రిస్మస్ చెట్టు నిలబెడతారు. చెక్క దుకాణాల్లో బ్రెడెలె అనే చిన్న చిన్న బిస్కెట్లు, మసాలా రొట్టె, వేడి పళ్ళరసం అమ్ముతారు. కప్పుకు ముందే కొంత డబ్బు కట్టించుకుని, కప్పు తిరిగి ఇచ్చాక వాపసు చేస్తారు. క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్లూ బల్బులూ లెక్కపెట్టి అప్పగించడం గుర్తొచ్చి అక్క నవ్వుకుందట. పాత ఊరంతా ఇల్ నది పాయల మధ్య ఒక దీవి మీద ఉంది. 2018 డిసెంబరు 11న ఆ సంతలో ఒక దుండగుడు జరిపిన దాడిలో ఐదుగురు చనిపోయారు. అయినా మరుసటి ఏడాది సంత మళ్ళీ జరిగింది.

దీపాల కంటే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఊరి చరిత్ర. 1870లో అక్కడ పుట్టి 75 ఏళ్ళు బతికిన ఒక మనిషిని ఊహించుకోండి. పుట్టినప్పుడు అతడు ఫ్రెంచివాడు. 1871లో ఊరు జర్మనీ చేతికి వెళ్ళింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1918లో మళ్ళీ ఫ్రాన్స్. 1940లో మళ్ళీ జర్మనీ. 1944 నవంబరులో మళ్ళీ ఫ్రాన్స్. ఆ మనిషి ఇల్లు మారలేదు, వీధి మారలేదు. దేశం మాత్రం నాలుగుసార్లు మారింది. మనకు బదిలీ అయితే మనం కదులుతాం. వాళ్ళు కదలకుండానే వాళ్ళ ఊరికి బదిలీ అయింది!

ఆ ప్రాంతం పేరు అల్సాస్. మనకు అల్సేషియన్ అంటే కుక్క ఒక్కటే తెలుసు. ఆ పేరు ఈ ప్రాంతం నుంచే వచ్చింది. అక్కడివాళ్ళకు సొంత భాష ఉంది. 1940 తర్వాత జర్మన్ పాలనలో ఫ్రెంచి మాట్లాడటం నిషేధించారు. యుద్ధం అయ్యాక బళ్ళలో పిల్లలు అల్సాస్ భాష మాట్లాడితే ఒప్పుకోలేదు. ఇప్పుడు పాత ఊళ్ళో వీధి పేర్ల బోర్డులు చాలాచోట్ల ఫ్రెంచిలోనూ అల్సాస్ భాషలోనూ ఉన్నాయి. వాటిని చూసి, మన రైల్వే స్టేషన్లలో మూడు భాషల్లో ఉండే బోర్డులు గుర్తొచ్చాయంది అక్క.

ఊరి మధ్యలో ఎర్రటి ఇసుకరాతి చర్చి ఉంది. దాని శిఖరం 1439లో పూర్తయింది. ఎత్తు 142 మీటర్లు. 1647 నుంచి 1874 వరకు ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన కట్టడం లేదు. 1870 ముట్టడిలో దాని పైకప్పు కాలిపోయింది. 1944లో బాంబులు పడ్డాయి. ప్రతిసారీ బాగు చేసుకున్నారు. సుమారు 800 ఏళ్ళుగా ఒకే సంస్థ ఆ రాళ్ళను చెక్కి సరిచేసే పని చూసుకుంటోంది. జెండా ఎవరిదైనా ఉలి ఆగలేదు. "ఎలాగూ రేపు ఇంకో దేశం వస్తుంది కదా" అని వాళ్ళు పని ఆపి ఉంటే ఆ చర్చి ఈపాటికి ఎలా ఉండేదో!

ఇప్పుడు మా సంగతి చెప్పాలి. మేం జబల్‌పూర్ వచ్చి మూడో ఏడు నడుస్తోంది. ఇంటి నుంచి గంట ప్రయాణంలో భేడాఘాట్ ఉంది. నర్మదా నది పాలరాతి కొండల మధ్య నుంచి పారుతుంది. దగ్గరలోనే ధువాంధార్ జలపాతం, గుట్ట మీద చౌసఠ్ యోగిని గుడి. మేం ఒక్కసారే వెళ్ళాం, అదీ చుట్టాలు వస్తే వాళ్ళకు చూపించడానికి. గుడి మెట్లు ఎక్కలేక కిందే కూర్చుని ఫోన్లు చూసుకున్నాం. అక్క రెండు రోజుల్లో ఒక ఊరి 800 ఏళ్ళ కథ తెలుసుకుంది. మేం మూడేళ్ళుండి మా వీధి చివర ఉన్న చెరువు పేరు కూడా తెలుసుకోలేదు.

దీనికి మా చెల్లి వెంటనే ఎదురు ప్రశ్న వేసింది: "రెండు రోజుల్లో ఊరు తెలిసిపోతుందా? దీపాలు చూసి, ఫోటోలు తీసుకుని వస్తే సరిపోతుందా?" ప్రశ్న న్యాయమైనదే. అక్క కూడా ఒప్పుకుంది. ఆ జనంలో సగం సేపు వరుసల్లో నిలబడటమే సరిపోయిందట. అక్కడి ఒక్క ఇంటి లోపలికీ వెళ్ళలేదట. బిస్కెట్లు కొన్న దుకాణంలో ఆమెకు నమస్కారం ఒక్కటే ఫ్రెంచిలో చెప్పగలిగిందట. కానీ తర్వాత అక్క అన్న మాట మాకు నచ్చింది: "నాకున్నది రెండు రోజులే అని తెలుసు, అందుకే కళ్ళు తెరుచుకుని తిరిగాను. మీకు మూడేళ్ళు ఉన్నాయి కాబట్టి మీరు కళ్ళు మూసుకున్నారు."

మా అభిప్రాయం ఇది. వెళ్ళిపోతామన్నది నిజమే. కానీ అది ఊరిని చూడకపోవడానికి కారణం కాకూడదు, చూడటానికే కారణం కావాలి. స్నేహితులు దూరమవుతారని బాధపడతాం, అది మనకు తప్పదు. కానీ ఏమీ చూడకుండా, ఎవరితోనూ కలవకుండా వెళ్ళిపోతే ఆ బాధ తగ్గదు. గుర్తు పెట్టుకోవడానికే ఏమీ మిగలదు. ఇంతకు ముందు మేం ఉన్న ఊరి గురించి ఎవరైనా అడిగితే మాకు గుర్తొచ్చేది క్వార్టర్ నంబరు ఒక్కటే. అది చెప్పడానికి మాకే సిగ్గుగా ఉంది.

మిత్రులారా, మన నాన్నగార్లకో అమ్మగార్లకో వచ్చే బదిలీ ఉత్తర్వు మన చేతిలో లేదు. ఈ ఆదివారం ఎక్కడికి వెళ్ళాలో మాత్రం మన చేతిలోనే ఉంది. మీ ఊళ్ళో పాత కట్టడం ఒకటి, నది ఒకటి, అక్కడివాళ్ళు పండక్కి చేసుకునే వంట ఒకటి తెలుసుకోండి. వాళ్ళ భాషలో పది మాటలు నేర్చుకోండి. మన తెలుగు మాటలు పది వాళ్ళకు నేర్పండి. మేం వచ్చే ఆదివారం భేడాఘాట్ వెళుతున్నాం. ఈసారి చుట్టాల కోసం కాదు. మెట్లు కూడా ఎక్కుతాం.