కక్కితేనే కండ వస్తుందట!

మా మేనల్లుడు జిమ్‌లో చేరిన వారానికే ఆసుపత్రిలో సెలైన్ బాటిల్ కింద పడుకున్నాడు. మొదటి లెగ్ డే నాడు స్క్వాట్లు తీస్తూ తీస్తూ బాత్‌రూమ్‌కి పరుగెత్తి కక్కుకున్నాడట. ట్రైనర్ భుజం తట్టి, "సూపర్ తమ్మీ! లోపలున్న చెత్తంతా పోయింది, ఇగ బాడీ తయారైతది" అని మళ్లీ బార్ కిందికి పంపాడు. రెండ్రోజులకు తొడలు వాచి, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. అది కూడా చెత్త పోవడమే కాబోలనుకుని వాడు ఇంకో రోజు ఊరుకున్నాడు.

ఏం చెత్త? పొద్దున మా అక్క పెట్టిన ఇడ్లీలా?

మా నాయనమ్మ కాలంలో దీన్ని పైత్యం కక్కడం అన్నారు. ఇప్పుడు టాక్సిన్లంటున్నారు. ఏసీ గదికొచ్చినా మూఢనమ్మకం అదే. నిజానికి కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు పొట్ట, పేగులు, కాలేయం వైపు వెళ్తుంది. బరువు నెత్తినపడితే తొడ కండరాలు ఆ వాటాను లాగేసుకుంటాయి. పైగా రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, ఊపిరి బిగబట్టి ఉంటాం, చెమటకు నీరు పోతుంది. తిన్న వెంటనే వచ్చినా, ఏమీ తినకుండా వచ్చినా తిప్పలే. చాలామంది ఖాళీ కడుపున ప్రీ-వర్కౌట్ పొడి కూడా కలుపుకుని తాగుతారు. కొన్ని రకాల్లో ఒక్క స్కూపుకే 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కడుపు తిరగక ఏం చేస్తుంది? కండ పెరగడానికీ వాంతికీ ఏ సంబంధమూ లేదు.

మా మేనల్లుడికి వచ్చిన జబ్బు రాబ్డోమయోలిసిస్. అలవాటు లేని కండరాన్ని ఒక్కసారిగా చితక్కొడితే అది విచ్ఛిన్నమై, అందులోని మయోగ్లోబిన్ రక్తంలోకి కారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వికారం, వాంతి ఆ జబ్బు లక్షణాల్లోనూ ఉన్నాయి. శభాష్ అనిపించుకున్న వాంతి ఏ రకానిదో ట్రైనర్‌కు ఎలా తెలిసింది? గోడ మీది ఆంజనేయస్వామి చెప్పాడా?

మనవాళ్లనే అనడం న్యాయం కాదు. అమెరికాలో క్రాస్‌ఫిట్ అనే వ్యాయామ పద్ధతి వాళ్లకు ప్యూకీ అని కక్కుకునే జోకర్ బొమ్మ ఒకటుండేది. దానికి తోడు అంకుల్ రాబ్డో, డయాలిసిస్ యంత్రానికి తగిలించిన ఇంకో జోకర్. మూత్రపిండాలు పాడవడం వాళ్లకు హాస్యం. సైన్సు చదివిన దేశం కదా, మూఢత్వానికి కూడా లోగో వేయించుకుంది.

లోగో లేకపోయినా మా హైస్కూల్లోనూ ఇలాంటి డ్రిల్లు మాస్టారుండేవారు. ఎండలో గుంజీలు తీయించి, నీళ్లడిగితే "ఆడపిల్లవా?" అనేవారు. ఒక కుర్రాడు లైన్లోనే వాంతి చేసుకుంటే అందరిచేతా చప్పట్లు కొట్టించారు. వాడు నోరు తుడుచుకుని నవ్వాడు. ఏడిస్తే మర్నాడు వెక్కిరింపు పేరు పెట్టి పిలుస్తారని వాడికి తెలుసు. ఇందులో నాకు మండేది ఈ నవ్వే. బాధపడేవాడి చేతే బాధను పొగిడించడం. మా మేనల్లుడు కూడా ఆసుపత్రి మంచం మీద, "సార్ మంచోడే మామయ్యా, నా స్టామినానే తక్కువ" అన్నాడు. ఫీజు కట్టింది వాడు, వాంతి చేసుకుంది వాడు, సిగ్గుపడుతున్నదీ వాడే.

అడగడానికి వెళ్తే ట్రైనర్ కోడి రామ్మూర్తి నాయుడి పేరెత్తాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు తెంచిన మనిషి, ఊరికే అయ్యాడా అని. ఆయన చిన్నతనం నుంచీ సాధన చేసినవాడు బాబూ, చేరిన వారానికి గొలుసులు తెంచలేదు అన్నాను.

కడుపులో తిప్పితే చేయాల్సింది పెద్ద రహస్యమేం కాదు: బార్ దించి కూర్చోవడం, ఊపిరి అందేదాకా ఆగడం, గుక్క గుక్కగా నీళ్లు. ఆ రోజుకు అంతే. ఇదంతా చెబితే ఆ ట్రైనర్ అబ్బాయి ఓపిగ్గా విని, "మా సార్ కూడా నాకు ఇట్లనే నేర్పిండు అన్నా" అన్నాడు. ఆ సార్‌కు ఎవరు నేర్పారో అడగలేదు. ఇంటికొచ్చేసరికి మా అక్క, జిమ్‌లో ఎవరిదో కళ్లు పడ్డాయని, ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తోంది.