మన బడికి ఒక అరుగు కావాలి

చిన్న తరగతి పిల్లలకు 'అ'తో మొదలయ్యే మాటలు చెబుతూ ఒక ఆదివారం బోర్డు మీద "అరుగు" అని రాశాను. ఎవరికీ అర్థం కాలేదు. బొమ్మ గీశాను. నా బొమ్మల సంగతి మీకు తెలిసిందే. ఒకడు "స్టేజ్" అన్నాడు, ఇంకొకడు "బస్ స్టాప్ బెంచ్" అన్నాడు. ముందు వరుసలో పాప మాత్రం బొమ్మను కాసేపు చూసి, "అంకుల్, ఇది ఇంటి బయట ఎందుకుంది? బయట ఎవరు కూర్చుంటారు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. బడికి సొంత చోటు చూసుకుంటున్న ఈ సమయంలో చెబితే పెద్దవాళ్ళకూ పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా తాతగారి ఊరు అమలాపురం దగ్గర. ఇల్లు మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది, నడుమ ఆకాశం. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకి దూకేవి. అమ్మమ్మ చూరు కింద గంగాళాలు పెట్టేది, మేం కాగితం పడవలు వేసేవాళ్ళం. వేసవిలో వేడి గాలి ఆ నడుమ నుంచి పైకి పోయేది, కరెంటు లేకపోయినా వసారాలో నిద్ర పట్టేది. వీధి గుమ్మానికి రెండు పక్కలా అరుగులు. కూర్చుంటే కాళ్ళు వేలాడేంత ఎత్తు. పేపరు వచ్చేది తాతగారికే అయినా చదివేది అరుగు మీద కాబట్టి వార్తలు వీధి మొత్తానికీ అందేవి. ఎండన పడి వచ్చినవాడు ఎవరినీ అడక్కుండా అక్కడ కాసేపు కూర్చునేవాడు. అరుగు ఇంటిదా వీధిదా అంటే చెప్పడం కష్టం.

ఇంకో సంగతి. మన బడి పుట్టిందే అరుగు మీద. పాత మద్రాసు రాజధానిలో వీధి బడులు చాలావరకు ఎవరో ఒకరి ఇంటి అరుగు మీదే నడిచేవి, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఇంగ్లీషు దొరలు వాటిని 'పయల్ స్కూల్స్' అని రాసుకున్నారు. పయల్ అంటే అరుగే.

అలాగని అరుగును ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు. ఆ అరుగు మీద అందరూ కూర్చునేవారు కాదు. మా పొలంలో పనిచేసే ఆయన వయసులో తాతగారికంటే పెద్ద. ఆయన మాత్రం కిందే నిలబడి మాట్లాడేవాడు. చిన్నప్పుడు నాకది వింతగా అనిపించలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మనం కట్టుకునే అరుగుకు మెట్లతో పాటు చక్రాల కుర్చీ ఎక్కే ఏటవాలు దారి కూడా ఉండాలి. ఎవరూ కింద నిలబడి మాట్లాడే పని ఉండకూడదు.

అమెరికావాళ్ళకు అరుగు తెలియదనుకోకండి. వాళ్ళకు పోర్చ్ ఉండేది. 'వరండా' అనే మాట ఇంగ్లీషువాళ్ళు మన దేశం నుంచే తెచ్చుకున్నారు. ఏసీలు, టీవీలు, కార్లు వచ్చాక పోర్చ్ తగ్గిపోయింది. 1947లో మొదలైన న్యూయార్క్ లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్ళు ఒకే మూసలో పోసి కట్టారు, వాటికి పోర్చ్ లేదు. ఇప్పుడు మన సంగతి చూడండి. రిమోట్ నొక్కితే గరాజ్ తలుపు తెరుచుకుంటుంది, కారు లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. పక్కింటాయన కారు రంగు చెప్పగలను కానీ ఆయన మొహం గుర్తు పట్టలేను. 1981లో ఫ్లోరిడాలో సీసైడ్ అనే ఊరు మొదలుపెట్టినప్పుడు డువానీ, ప్లేటర్ జైబర్క్ అనే ఆర్కిటెక్టు దంపతులు ఇంటి ముందు పోర్చ్ ఉండాలని నిబంధనే పెట్టారు. (1998లో వచ్చిన 'ట్రూమన్ షో' సినిమా తీసింది ఆ ఊళ్ళోనే. ఆ సినిమాలో ఊరంతా ఒక సెట్టింగు! పోర్చ్ కట్టినంత మాత్రాన సరిపోదని కూడా అనుకోవచ్చు.)

మన టెక్సస్‌లోనూ పాత రైతుల ఇళ్ళలో 'డాగ్‌ట్రాట్' అని ఒక పద్ధతి ఉండేది. ఒకే కప్పు కింద రెండు గదులు, వాటి మధ్య ముందూ వెనకా తెరిచి ఉన్న నడవ. గాలి ఆ నడవలోంచి వీస్తుంది, ఇంటిల్లిపాదీ అక్కడే కూర్చుంటారు. మా తాతగారి మండువాకు ఇది దూరపు చుట్టం. ఎండ ఒకటే అయినప్పుడు ఉపాయాలు కూడా దగ్గరగానే ఉంటాయి మరి.

ఇక అసలు విషయం. మన బడి కోసం చూస్తున్న పాత గోదాముకు ఎలా సొగసులు చేయాలో కార్యవర్గంలో చర్చ జరుగుతోంది. ముందు గోడకు కాకతీయ తోరణం నమూనా పెట్టాలని చాలామంది కోరిక. ఆ తోరణం నాకూ ఇష్టమే. కానీ వరంగల్ కోటలో ఆ నాలుగు తోరణాలూ గుడి ఆవరణకు నాలుగు దిక్కులా ద్వారాలు. వాటి కిందుగా మనుషులు నడిచేవారు. గోడకు అంటించిన ఫైబర్ తోరణం కిందుగా ఎవరు నడుస్తారు? దాని ముందు ఫోటో దిగుతాం, అంతే. దానికి కేటాయించిన డబ్బు ముందు అరుగుకు ఇవ్వమని నా మనవి.

ఎందుకంటే ఆదివారం పది నుంచి పన్నెండు దాకా మన పార్కింగ్ లాట్ ఒకసారి చూడండి. తల్లిదండ్రులు పిల్లల్ని దింపి ఎవరి కారులో వాళ్ళు, ఇంజన్ ఆపకుండా, ఫోన్ చూసుకుంటూ రెండు గంటలు కూర్చుంటారు. ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు వెనక సీట్లో కునుకు తీస్తుంటారు. మన పిల్లలకు కావలసిన తెలుగంతా ఆ కార్లలో అద్దాలు ఎత్తుకుని కూర్చుని ఉంది. తరగతిలో నేను కష్టపడి పది మాటలు నేర్పేలోగా, అరుగు మీద ఇద్దరు అమ్మమ్మలు ఆవకాయ గురించి వాదించుకుంటే పక్కన ఆడుకునే పిల్లలకు వంద మాటలు చెవిన పడతాయి.

ఇంజనీరు బుద్ధి కాబట్టి కొలతలు కూడా ఆలోచించాను. బడి పొద్దున పూట కనుక తూర్పు ఎండ కొడుతుంది, ఉత్తరం వైపు అరుగైతే మేలు. పెద్దవాళ్ళకు పద్దెనిమిది అంగుళాల ఎత్తు, చిన్నవాళ్ళకు ఒక చివర పన్నెండు. చూరు కనీసం ఎనిమిది అడుగులు ముందుకు రావాలి. నీడకు వేప నాటుదామని ఒకరు అన్నారు. 2021 ఫిబ్రవరి మంచుకు మా పెరట్లో వేప మొక్క పోయింది, అందుకని నేను పెకాన్ చెట్టు అంటున్నాను. టెక్సస్ రాష్ట్ర వృక్షం అదే. దాని కింద తెలుగు మాట్లాడితే చెట్టు ఏమీ అనుకోదు.

అలంకారం కావాలంటే పిల్లల చేత చేయిద్దాం. డెంటన్‌లో టెక్సస్ వుమన్స్ యూనివర్సిటీలో 'లిటిల్ చాపెల్ ఇన్ ద వుడ్స్' ఉంది, వీలైతే ఒకసారి చూసి రండి. 1939లో ఓనీల్ ఫోర్డ్ అనే ఆర్కిటెక్టు కట్టారు. దాని కిటికీల రంగుటద్దాలు చేసింది అక్కడి విద్యార్థినులే. మన పిల్లలు మట్టి పలకల మీద తలా ఒక అక్షరం చెక్కితే, కాల్చి అరుగు అంచుకు పొదగవచ్చు. యాభై ఆరు అక్షరాలకూ పిల్లలు సరిపోతారు. 'ఌ' ఎవరికి వస్తుందో దాని మీద గొడవ తప్పదు.

బయట ఎవరు కూర్చుంటారని అడిగిన పాప చేత మొన్న అరుగు బొమ్మ గీయించాను. ఒక మూల మంచినీళ్ళ కుండ పెట్టింది, పక్కన వాళ్ళ నానమ్మను కూర్చోబెట్టింది. గోడకు వరసగా ఆరు ఛార్జింగ్ పాయింట్లు కూడా గీసింది. అవి వద్దని నేనన్నాను. తరగతిలో ఓటు పెడితే ఓడిపోయాను.